గాలి లేవక ముందు, గాలి లేచాక: టెమెక్యులాలో ద్రాక్ష తోటలు, బెలూన్లు

శుక్రవారం: ఆర్టెగా కొండదారి, ఓల్డ్ టౌన్

ఇర్వైన్ నుంచి టెమెక్యులాకు అందరూ 91, 15 ఫ్రీవేల మీదే వెళ్తారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ రోడ్ల సంగతి దక్షిణ కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫోన్‌లో మ్యాపు ఇరవై నిమిషాలు కలిసొస్తుందని ఆశ పెట్టి మమ్మల్ని ఆర్టెగా హైవే ఎక్కించింది. శాన్ వాన్ కాపిస్ట్రానోలో మొదలై, శాంటా ఆనా కొండలు దాటి, లేక్ ఎల్సినోర్ ఊళ్ళో దిగే దారి అది. మలుపు తిరిగేలోపు ఇంకో మలుపు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనకాల మోటార్‌సైకిళ్ళ గుంపు.

ముందు సీట్లో కూర్చున్న నాన్న తలుపు మీది పిడి వదల్లేదు. "అల్లుడుగారూ, మనకేం తొందర లేదు" అని మా ఆయనతో చాలాసార్లే అన్నారు. ఇక్కడి పద్ధతి ఒకటి నాన్నకు బాగా నచ్చింది. నెమ్మదిగా వెళ్ళే బండి రోడ్డు పక్కన వెడల్పు చోటు రాగానే ఆగి వెనకవాళ్ళకు దారి ఇస్తుంది. దాటివెళ్ళే ప్రతివాడూ చెయ్యి ఊపి మరీ పోతాడు. మోటార్‌సైకిళ్ళవాళ్ళయితే ఎడమచెయ్యి కిందికి చాపి రెండు వేళ్ళు చూపిస్తారు. నాలుగో బండి నుంచి నాన్న కూడా తిరిగి చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. కొండ దిగే చోట ఎల్సినోర్ చెరువు ఒక్కసారిగా కింద కనబడుతుంది. ఆ దృశ్యం బాగుంది, కాదనను. ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఎక్కడా కలిసి రాలేదు.

ఈ ప్రయాణం అసలు నాన్న కోసం. ఒకప్పుడు హైదరాబాదు శివార్లలో అనాబెషాహి ద్రాక్ష పందిళ్ళు వేసిన రైతు ఆయన. ఆ భూముల్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. మా దగ్గరికి వచ్చినప్పటి నుంచీ మాల్స్, బీచ్‌లు చూపిస్తే మర్యాదకు తల ఊపుతున్నారు తప్ప ఏదీ అడగడం లేదు. టెమెక్యులాలో వేసవి మొదట్లో బెలూన్ అండ్ వైన్ ఫెస్టివల్ జరుగుతుందనీ, 1983 నుంచీ జరుపుతున్నారనీ చెప్పి, అక్కడ యాభై దాకా వైనరీలున్నాయని అన్నాను. "తీగలు పందిరి మీదా, కంచె మీదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. టికెట్లు ఆ రాత్రే కొన్నాం.

సాయంత్రం ఓల్డ్ టౌన్‌లో తిరిగాం. కౌబాయ్ సినిమాల్లో కనిపించే చెక్క ముఖాల దుకాణాలు, వాటి ముందు చెక్క పలకల నడవాలు. నడుస్తుంటే కింద డొల్ల చప్పుడు. 1858లో బటర్‌ఫీల్డ్ వాళ్ళ గుర్రబ్బండ్లు సెయింట్ లూయిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు టపా మోసేటప్పుడు ఇక్కడా ఆగేవట. పేరు అంతకన్నా ఎంతో పాతది, ఈ లోయ అసలు వాసులైన లుయిసెన్యో ప్రజలది. వాళ్ళలో పెచాంగా తెగవాళ్ళు ఊరి అంచున ఇప్పుడు పెద్ద కాసినో నడుపుతున్నారు.

పండగ రోజుల్లో హోటల్ గదుల ధరలు మామూలుకు రెట్టింపు ఉన్నాయి. మాకు దొరికిన గది కిటికీ తీస్తే ఫ్రీవే. ఇంతకు మించి దాని గురించి చెప్పేదేమీ లేదు.

శనివారం తెల్లవారుజాము: లేక్ స్కిన్నర్

నాలుగున్నరకే బయల్దేరాం. పగలు తొంభై ఫారెన్‌హీట్ దాకా వెళ్ళే ఊళ్ళో ఆ వేళ చలి పళ్ళు కొరుకుతోంది. ఊరికి ఈశాన్యంగా ఉన్న లేక్ స్కిన్నర్ జలాశయం పక్కన పండగ. కార్ల ఎర్ర దీపాలు కొండ చుట్టూ బారులు తీరాయి. జనం మడత కుర్చీలు, దుప్పట్లు, థర్మోస్ ఫ్లాస్కులు మోసుకుంటూ గడ్డి మైదానంలోకి నడుస్తున్నారు. అంతమంది ఉన్నా అరుపుల్లేవు, మైకుల్లేవు. కాఫీ బండి ముందు మాత్రం పెద్ద క్యూ. కాఫీ 6 డాలర్లు. ఆ చలిలో 10 అన్నా కొనేవాళ్ళం.

ఇంకా చీకటి ఉండగానే ఒకావిడ చిన్న బుడగకు మిణుకుమనే దీపం కట్టి వదిలింది. పైలట్లు నలుగురైదుగురు తలలెత్తి అది పోయే దారే చూస్తున్నారు. హీలియం బుడగ అది. ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో దాన్ని చూసి తెలుసుకుంటారు. కింద తూర్పుకు కదిలింది, కొంచెం పైకి పోగానే దక్షిణానికి తిరిగింది. బెలూన్‌కు ఉన్న స్టీరింగ్ ఇదొక్కటే. కావలసిన దిక్కుకు వీచే గాలి ఏ ఎత్తులో ఉందో చూసి, అక్కడికి లేవడమో దిగడమో చెయ్యాలి.

మాకు దగ్గర్లో ఉన్న బెలూన్ పైలట్‌కు మనుషులు తక్కువయ్యారు. గడ్డం నెరిసిన మనిషి, మోకాళ్ళ దగ్గర బూడిద రంగుకు తిరిగిన జీన్స్. మా ఆయన్ని చూసి "చేతులు ఖాళీయేనా?" అన్నాడు. మా ఆయన కన్నా ముందు నాన్న కదిలారు. ఇద్దరికీ తోలు గ్లవ్స్ ఇచ్చి బెలూన్ నోటికి చెరో పక్క నిలబెట్టాడు. నేల మీద పరిచిన నైలాన్ గుడ్డ ఆ పొడవున చూస్తే మా అపార్ట్‌మెంట్ కారిడార్ కన్నా పొడవుంది. పెట్రోల్ ఇంజన్ ఫ్యాను ముందు మామూలు గాలిని లోపలికి తోస్తుంది. గుడ్డ అక్కడక్కడా ఉబ్బి, ముడతలు విప్పుకుని, కాసేపటికి లోపల మనిషి నిలబడేంత గుహ అయింది. వెనక దీపాలు ఉండటంతో ఎరుపు, పసుపు పట్టీల వెలుగు నాన్న ముఖం మీద పడుతోంది.

అప్పుడు బర్నర్ వెలిగించాడు. ప్రొపేన్ మంట మనిషి ఎత్తు కన్నా పొడవుగా నోట్లోకి దూసుకుపోయింది. వేడి నా దాకా వచ్చింది, పక్కనే ఉన్న నాన్న సంగతి చెప్పక్కర్లేదు. ముఖం పక్కకు తిప్పుకున్నారు గానీ గుడ్డ వదల్లేదు. లోపలి గాలి వంద డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందట. వేడెక్కిన గాలి తేలిక, బయటి చల్లగాలి బరువు, ఆ తేడాయే బెలూన్‌ను లేపుతుంది. బయట ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ గ్యాసుతో పని అవుతుంది. తెల్లవారే ఎగరడానికి ఇదొక కారణం.

రెండో కారణం గాలి. వేగం గంటకు పది మైళ్ళ దాకా వచ్చిందంటే చాలామంది పైలట్లు గుడ్డ విప్పను కూడా విప్పరు. ఎండెక్కాక నేల కాగి గాలి పైకి లేస్తుంది, ఆ తర్వాత సముద్రం వైపు నుంచి ఇంకో గాలి వస్తుంది. నేను ఇదంతా నాన్నకు తెలుగులో చెప్తుంటే మధ్యలోనే ఆపి, "మందు కొట్టేదీ ఈ వేళకేగా అమ్మా! గాలి లేచిందంటే మన మందు పక్కవాడి చేలో పడుతుంది" అన్నారు. ఈ మాట పైలట్‌కు ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వి, మీ నాన్నకు నేను చెప్పాల్సింది ఏమీ లేదన్నాడు.

బుట్టలో ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కాక మమ్మల్ని అంచు మీద బరువు వెయ్యమన్నాడు. చేతుల కింద పేము బుట్ట కిర్రుమంటూ సాగుతోంది. ఇన్నేళ్ళయినా పేమే వాడతారు, దిగేటప్పుడు దెబ్బ తగిలితే అది వంగుతుంది, విరగదు. "హ్యాండ్స్ ఆఫ్!" అన్నాడు. చేతులు తీశాం. కుదుపు లేదు, చప్పుడు లేదు, బుట్ట మా నడుము దగ్గర నుంచి తలల మీదికి వెళ్ళిపోయింది. సూర్యుడు కొండ పైకి వచ్చేసరికి పదిహేను పైన బెలూన్లు లేచాయి. ఒకటి చెరువు మీదికి వంగి నీళ్ళకు తగిలీ తగలనట్టు సాగింది. మిగతావి తోటల వైపు పోయాయి.

మేం ఎక్కలేదు. మనిషికి 250 డాలర్ల పైమాటే. నాన్న "మోసేది మనం, ఎక్కేది వాళ్ళూనా?" అని మా ఆయన్ని ఆట పట్టించారు గానీ ఎక్కుదామా అంటే మాత్రం వద్దన్నారు. బెలూన్ వెనకాలే తీసుకుపోవడానికి ఒక వ్యాను, దానికి తగిలించిన ట్రెయిలర్ ఉంటాయి. ఎక్కడ దిగుతుందో ముందు ఎవరికీ తెలియదు కాబట్టి వ్యానులో వాళ్ళు ఆకాశం చూస్తూ సందుల్లో తిరుగుతుంటారు. ఎవరి పొలంలోనో దిగాల్సి వస్తుంది గనక ఆ రైతుకు ఇవ్వడానికి షాంపేన్ సీసా ఒకటి పెట్టుకోవడం ఫ్రాన్స్‌లో మాంగొల్ఫియే సోదరుల కాలం నుంచీ ఉన్న ఆచారమని చెప్తారు. వాళ్ళ బెలూన్‌లో మనుషులు మొదట ఎగిరింది 1783 నవంబరులో. అంతకు రెండు నెలల ముందు ఒక గొర్రెనూ, బాతునూ, కోడినీ ఎక్కించి చూశారు.

చెరువులోకి ఎవ్వరూ దిగకపోవడం నాన్న గమనించారు. చేపలు పట్టుకోవచ్చు, పడవలు వేసుకోవచ్చు, ఈత కొట్టకూడదు. అవి తాగే నీళ్ళు. చాలావరకు కొలరాడో నది నుంచి కాలువల్లో ఎడారి దాటి వస్తాయి.

శనివారం పగలు: రాంచో కాలిఫోర్నియా రోడ్డు

వైనరీలు పది, పదకొండుకు గానీ తెరవరు. ఈలోగా మేం తోటల మధ్య రోడ్ల మీద తిరిగాం. నాన్న ఆపమన్నచోటల్లా ఆగాం. తీగలన్నీ తీగకంచెల మీదే, పందిరి ఎక్కడా లేదు. పిందెలు మిరియాలంత ఉన్నాయి. సాళ్ళ చివర్న గులాబీ మొక్కలు చూసి అందం కోసమనుకున్నాను నేను. బూడిద తెగులు గులాబీకి ముందు కనిపిస్తుందని వెనకటి రోజుల్లో అలా నాటేవారట, ఇప్పుడు ఎక్కువగా అలవాటు కొద్దీ ఉంచుతున్నారు.

మొదట కాలవే అనే వైనరీ. కొండ మీద కూర్చుంటే లోయంతా కనబడుతుంది. ఈలీ కాలవే అనే ఆయన పెద్ద బట్టల మిల్లుల సంస్థకు అధ్యక్షుడిగా ఉండగానే 1969లో ఇక్కడ తోట వేశారు, 1973లో ఆ ఉద్యోగం వదిలి వచ్చేశారు. ఈ ఎండల్లో వైన్ ద్రాక్ష ఏమిటని నవ్వినవాళ్ళే ఎక్కువ. 1976లో ఎలిజబెత్ రాణి న్యూయార్క్ వచ్చినప్పుడు విందులో ఈ తోట రీస్లింగ్ అనే తెల్ల వైన్ పోశారు, ఆవిడ రెండో గ్లాసు అడిగిందని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు. తర్వాత వైనరీ అమ్మేసి గోల్ఫ్ కర్రల వ్యాపారంలోకి వెళ్ళారు. ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది ఆ కర్రల వల్లే.

టేస్టింగ్ అంటే ఐదారు రకాలు, ఒక్కొక్కటి రెండు గుక్కలకు మించదు. మేం వెళ్ళిన చోట్ల మనిషికి 25 నుంచి 35 డాలర్ల దాకా తీసుకున్నారు. ఇద్దరు కలిసి ఒకటే తీసుకున్నా ఎవరూ ముఖం చిట్లించరు. తాగనివాళ్ళను డబ్బులు అడగరు, మంచినీళ్ళు తెచ్చి పెడతారు. నచ్చనిది బల్ల మీద ఉన్న కూజాలో పారబొయ్యొచ్చు. అది అమర్యాద కాదు సరికదా, పోసేవాళ్ళకు మీరు తాగడానికి కాక రుచి చూడటానికి వచ్చారని అర్థమవుతుంది. మా ఆయన స్టీరింగ్ దగ్గర ఉన్నాడు కాబట్టి చుక్క ముట్టలేదు. రుచి చూసే బాధ్యతంతా నా మీద పడింది. వియోనియే అనే తెల్ల వైన్ నచ్చింది, పండిన సీతాఫలం దగ్గరికి వెళ్ళినప్పటి వాసన ఉంది దానికి.

రెండోది, పేరు చెప్పను, పెద్దది. పార్కింగ్ నిండా పార్టీ బస్సులు. పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళతో వచ్చిన అమ్మాయిల గుంపులు, ఒకే రంగు టోపీలు, మైకులో పాటలు. గ్లాసు బల్ల మీద పెట్టిన పిల్ల ఏ ద్రాక్షో చెప్పకుండానే వెళ్ళిపోయింది. డబ్బులు కట్టేటప్పుడు తెర మీద టిప్పు పాతిక శాతం నుంచి మొదలైంది. నాన్న బయట తీగల దగ్గర డ్రిప్ పైపులు చూస్తూ ఉండిపోయారు. మా ముగ్గురిలో తెలివైన పని చేసింది ఆయనే.

అక్కడి నుంచి విల్సన్ క్రీక్. బాదం వాసన వేసిన, బుడగలు పొంగే వాళ్ళ స్పార్క్లింగ్ వైన్ ఈ లోయలో బాగా పేరున్నది. వైన్ బాగా తెలిసినవాళ్ళు దాన్ని చూసి పెదవి విరుస్తారు. నాకు తీపి ఎక్కువనిపించింది, అయినా ఒక సీసా కొన్నాను. మొదటిసారి తాగేవాళ్ళకు ఇంటికొస్తే ఇవ్వడానికి దానికి మించింది లేదు. నాన్న గ్లాసు వాసన చూసి, "బాదం పాలే కదమ్మా" అని వెనక్కి ఇచ్చేశారు.

డి పోర్టోలా రోడ్డు మీది చిన్న తోట

ఆ రోజుకు అసలైనది ఇదే. రేకుల షెడ్డు, చెక్క బల్ల, నీడకు ఒక ఓక్ చెట్టు. వైన్ పోసే పెద్దాయనే తోట కూడా చూసుకుంటాడు. నాన్న రైతని చెప్పగానే సీసా పక్కన పెట్టి, రండి అంటూ సాళ్ళలోకి తీసుకుపోయాడు. మేం వెనకాల.

ఒక తీగ దగ్గర కర్రకు కట్టిన పసుపు రంగు అట్ట ఉంది, జిగురు పూసింది. నాన్న దాన్ని తిప్పి వెనక వైపు చూశారు. అంటుకున్న పురుగుల్లో అర అంగుళం పొడవున్న గోధుమ రంగుది ఒకటి వెతుకుతారు ఇక్కడ. గ్లాసీ వింగ్డ్ షార్ప్‌షూటర్ అంటారు, మన పచ్చదోమ కుటుంబంలోదే. 1990ల చివర్లో ఆ పురుగు పియర్సెస్ జబ్బును తోటలంతటా మోసింది. పురుగు తీగ రసం పీల్చేటప్పుడు బ్యాక్టీరియా లోపలికి దిగి నీళ్ళు మోసే గొట్టాలను మూసేస్తుంది. వేళ్ళ దగ్గర తడి ఉన్నా ఆకు అంచు నుంచి మాడిపోతుంది. మందు లేదు, తీగ పీకెయ్యడమే. ఈ లోయలో ఎకరాలకు ఎకరాలు పోయాయి.

పురుగు పెరిగింది ద్రాక్షలో కాదు, పక్కనున్న నారింజ, నిమ్మ తోటల్లో. అక్కడ కొడితే తప్ప ఇక్కడ ఆగలేదని పెద్దాయన చెప్తూ, 2000లో లోయంతటా కలిసి నిమ్మజాతి తోటలకు వాడిన మందు పేరు గుర్తుకు తెచ్చుకుంటున్నాడు. నేను ఇంకా తెలుగులో చెప్పనేలేదు, నాన్న అందుకుని "ఇమిడాక్లోప్రిడ్" అన్నారు. పెద్దాయన ఆగి, నాన్న వైపు తిరిగి, చెయ్యి చాపి కరచాలనం చేశాడు. ఆ తర్వాత నా అనువాదంతో వాళ్ళకు పెద్దగా పని పడలేదు. మట్టి నలిపి చూసుకున్నారు, గరుకుగా, ఇసుక ఇసుకగా ఉంది, గ్రానైట్ పొడి అయిన నేల. ఎకరాకు ఎంత దిగుబడి అన్న ప్రశ్నకు ఆయన చెప్పిన అంకె విని నాన్న నమ్మలేదు. మా పందిళ్ళకు అంతకు మూడు రెట్లు వచ్చేదన్నారు. వైన్‌కు దిగుబడి కన్నా రసం చిక్కదనం ముఖ్యమట, కాయలు కావాలనే తగ్గించుకుంటారు.

ఒంటిగంటన్నర దాటగానే ఆకులన్నీ ఒకేసారి తిరగబడ్డాయి. బల్ల మీది కాగితం రుమాళ్ళు ఎగిరిపోయాయి. "వచ్చేసింది" అన్నాడు పెద్దాయన, రోజూ వచ్చే బస్సు గురించి చెప్పినట్టు. పసిఫిక్ సముద్రం ఇక్కడికి ఇరవై పైచిలుకు మైళ్ళు. మధ్యలో కొండలున్నాయి గానీ రెయిన్‌బో గ్యాప్ అనే సందు ఒకటి ఉంది. లోయ కాగి ఇక్కడి గాలి పైకి లేవగానే, ఆ సందులోంచి సముద్రపు చల్లగాలి లోపలికి దూసుకొస్తుంది. ద్రాక్షలో పులుపు నిలిచేది దాంతోనే. అది లేకపోతే ఈ ఎండకు కాయ చక్కెర ముద్దే. పొద్దున బెలూన్లవాళ్ళు తప్పించుకుని దిగిపోయింది ఏ గాలి నుంచో, తోటలవాళ్ళు పగలంతా ఎదురుచూసేది ఆ గాలి కోసమే.

టెంప్రానియో అనే ఎర్ర వైన్ రెండు సీసాలు కొన్నాం, ఒక్కొక్కటి 38 డాలర్లు. టేస్టింగ్ డబ్బులు తీసుకోలేదు.

శనివారం రాత్రి: మళ్ళీ చెరువు దగ్గర

సాయంత్రం పండగ మైదానం పొద్దుటిది కాదు. పాటల వేదిక, దుకాణాలు, పొగ. మొక్కజొన్న పేలాలు 12 డాలర్లు, పెద్ద గ్లాసు నిమ్మరసం 9. మాంసం తినేవాళ్ళకు నిప్పుల మీద కాల్చిన ట్రై-టిప్ శాండ్‌విచ్ ఉంది, మా ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు. శాకాహారులకు వేపుళ్ళు, పంచదారే దిక్కు. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి నాన్నా నేనూ ముందే పార్కింగ్‌లో, కారు డిక్కీ తెరుచుకుని దద్దోజనం, ఊరమిరపకాయలు తినేశాం. పక్క కారువాళ్ళు ఊరమిరపకాయ ఏమిటని అడిగారు. ఇచ్చాం. వాళ్ళాయన తిని కాసేపు మాట్లాడలేదు.

చీకటి పడ్డాక బెలూన్ గ్లో. ఎగరవు, నేలమీదే నిలబెట్టి బర్నర్లు వెలిగిస్తారు. కానీ మధ్యాహ్నపు గాలి ఇంకా తగ్గలేదు. ఎనిమిదిన్నర దాకా పైలట్లు వ్యాన్లకు ఆనుకుని నిలబడ్డారు. మైకులో మాటిమాటికీ ఇంకాసేపు అంటున్నారు. పిల్లలు గడ్డి మీద నిద్రపోయారు. జనంలో విసుగు ఉంది గానీ ఎవరూ కేకలు వెయ్యలేదు. చివరికి ఆరేడు బెలూన్లే నిలబడ్డాయి, మిగతావాళ్ళు గుడ్డ సంచిలోంచి తియ్యనే లేదు. అందరూ ఒకేసారి మంట వదిలినప్పుడు మైదానమంతా నారింజ రంగైంది, ఎదుటివాళ్ళ ముఖాలు వెంట్రుకలతో సహా కనబడ్డాయి. మంట ఆపగానే మళ్ళీ చీకటి. పొద్దుటి పైలట్ నాన్నను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. అతని బెలూన్ సంచిలోనే ఉంది.

పార్కింగ్ నుంచి రోడ్డెక్కడానికి గంట పైనే పట్టింది.

ఆదివారం: పొగమంచు, ఆలివ్ నూనె

ఆదివారం పొద్దున సముద్రపు మబ్బు లోయలోకి దిగింది. కిటికీలోంచి ఫ్రీవే కూడా కనబడలేదు. ఇక్కడివాళ్ళు మే, జూన్ నెలలంతా దీన్ని తిట్టుకుంటూనే ఉంటారు. ఇలాంటప్పుడు బెలూన్ లేచే ప్రశ్నే లేదు. మేం మళ్ళీ చెరువు దాకా వెళ్ళలేదు.

ఓల్డ్ టౌన్‌లో 1927 నుంచీ నడుస్తున్న స్వింగ్ ఇన్‌లో టిఫిన్ చేశాం. వడ్డించే ఆవిడ అందరినీ "హనీ" అంటుంది, నాన్నను మాత్రం "సర్" అంది. ఆయన గుడ్లు, బంగాళాదుంపలు తిని కాఫీ మూడుసార్లు పోయించుకున్నారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపే వచ్చి పోస్తుందనీ, దానికి వేరే డబ్బులు లేవనీ తెలిశాక మూడోసారి కావాలనే తాగారని నా అనుమానం. పక్క వీధిలో ఆలివ్ నూనె దుకాణం ఉంది, చిన్న కప్పుల్లో పోసి రుచి చూపిస్తారు. వెల్లుల్లి నూనె ఒక సీసా తీసుకున్నాం, పప్పు తాలింపుకు పనికొస్తోంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. ఒక రోజే కుదిరితే శనివారం ఎంచుకోండి. పొద్దుటి ఎగురుడు వదులుకోవద్దు, రాత్రి గ్లో గాలి దయ మీద ఉంటుంది. స్వెట్టర్ తప్పనిసరి. వైనరీలు మూడుకు మించి పెట్టుకోకండి, అందులో ఒకటి చిన్నది చూసుకోండి. తిండీ, టేస్టింగులూ, సీసాలూ కలిపి ముగ్గురికీ 400 డాలర్లు దాటింది, టికెట్లు, హోటలు వేరే. వచ్చేటప్పుడు మ్యాపు మళ్ళీ ఆర్టెగా చూపించింది. నాన్న తలుపు పిడి పట్టుకుని, "అల్లుడుగారూ, ట్రాఫిక్ ఉంటే ఉండనివ్వండి" అన్నారు. 15 మీదే వచ్చాం.